హబ్సిగూడల కిరాణా దుకాణం మూతపడితే మనకేంది అనేటోళ్లకు

ఈ పోస్టు పొడుగుంటది. మోటరు ఏసి గట్టు మీద కూసున్నప్పుడు నిమ్మలంగ చదువుండ్రి.

మొన్న మన గ్రూపుల ఒక తమ్ముడు రాసిండు. సిటీల కిరాణా సేట్లు గిరాకి లేక ఏడుస్తున్నరట, ఏడ్వనీయుండ్రి, ఇన్నేండ్లు మన దగ్గర రూపాయికి కొని జనానికి ఐదు రూపాయలకు అమ్మిన్రు, ఇప్పుడు ఆన్‌లైన్ కంపెనీలు వచ్చి వాళ్ల నడుము విరగ్గొడుతున్నయ్, మంచిగైంది అని. దాని కింద నలభై మంది బొటనవేలు పెట్టిన్రు. అందుల నాకు కావాల్సినోళ్లు కూడ ఉన్నరు. వాళ్లకే ఈ జవాబు.

తమ్మీ, నీ కోపం నాకు అర్థమైతది. దలారి చేతుల గోస పడని రైతు మన జిల్లాల ఎవడున్నడు? కానీ బోయిన్‌పల్లి మార్కెట్ల మన సంచికి వేలం పాడేటోడు వేరు, హబ్సిగూడ గల్లీల పన్నెండు అడుగుల షటర్ల కూసోని పావుకిలో పచ్చిమిర్చి తూచేటోడు వేరు. ఇద్దరినీ ఒక్క గాట కట్టకు. మన రూపాయికీ జనం ఐదు రూపాయలకూ మధ్యల నాలుగు చేతులు ఉంటయ్. అందుల ఆఖరి చేయి, అన్నిటికన్న బక్క చేయి, ఈ దుకాణపాయనది. ఇప్పుడు విరుగుతున్నది గదే.

నేను ఎందుకు మాట్లాడుతున్ననంటే, నా బతుకు ఆ చేతి మీద ఉంది. బీబీనగర్ అవతల మా ఊరు. ఎకరంన్నర కూరగాయ, అరెకరం ఆకుకూర. ఆరేండ్ల నుంచి ట్రాలీ ఆటోల ఏసుకోని ఉప్పల్, హబ్సిగూడ, నాచారం చిన్న దుకాణాలకు నేనే తీస్కపోయి ఏస్తున్న. ఘట్‌కేసర్, నారపల్లి, బోడుప్పల్ మీదికెల్లి పోయే ఆ తొవ్వ గురించి మీకు చెప్పాల్సిన పని లేదు. 2018ల ఉప్పల్–నారపల్లి ఫ్లైఓవర్ పని మొదలుపెట్టి ఆ రోడ్డును ఎన్నేండ్లు గుంతలల్ల పెట్టిన్రో అందరం చూసినం. రోడ్డు పక్క దుకాణాలు దుమ్ముల మునిగినయ్. గిరాకి పోవుడు ఆన్‌లైన్‌తోనే మొదలు కాలేదు, ఆ మాట కూడ చెప్పుకోవాలె. హబ్సిగూడ మెయిన్ రోడ్డు మీద 2017 నవంబర్ల మెట్రో నడుసుడు మొదలైనంక బండి ఆపేతందుకు జాగ లేకుంటైంది. స్కూటర్ ఆపలేనోడు ఉల్లిగడ్డలకు దిగుతడా?

మొదట్ల నాకు పదకొండు దుకాణాలు. ఇప్పుడు ఏడు. పోయిన నాలుగిట్ల ఒకటి సెల్‌ఫోన్ కవర్ల దుకాణమైంది, ఒకటి టిఫిన్ సెంటరైంది, రెండిటికి షటర్ మీద టు-లెట్ బోర్డు. సిటీల దుకాణం మూతపడ్డది అంటే మీకు దూరం ముచ్చట లెక్క ఇనొస్తది. నాకైతే రోజుకు నూట ఇరవై కట్టల పాలకూర, కొత్తిమీర పోయే చోటు పోయినట్టు. ఆ కట్టలు మళ్ల బోయిన్‌పల్లికే పోవాలె. దుకాణంల కట్టకు నాలుగు రూపాయలు చేతిల పెట్టిన రోజే మార్కెట్ల రెండు రూపాయలకు అడిగిన్రు. ఆ మీద కూలి, కిరాయి, కమీషన్. ఇప్పుడు చెప్పు తమ్మీ, ఎవని నడుము విరిగింది?

ఆన్‌లైనోడు అగ్గువకు ఎట్ల ఇస్తడు అని మనం అడగాలె. ఆయన దగ్గర మంత్రం లేదు. పప్పు పండించేది మనమే, ఆయన కాదు. కిరాణాయనకు కంపెనీ సరుకు మీద నూటికి పది రూపాయలు మిగిలితే ఆ రోజు పండుగ. అండ్లనే కిరాయి, కరెంటు, పిల్లల ఫీజులు ఎల్లాలె. గదే సరుకును ఆన్‌లైనోడు ఇంటికి తెచ్చిచ్చి మరీ ఇంకా తక్కువకు ఇస్తున్నడంటే నష్టానికి అమ్ముతున్నడని అర్థం. ఆ నష్టం ఓర్సుకునే పైసలు బయటికెల్లి వస్తయ్. 2018ల వాల్‌మార్ట్ ఫ్లిప్‌కార్ట్‌ల 77 శాతం వాటాను 16 బిలియన్ డాలర్లు పెట్టి కొన్నది. అంత పెట్టింది మనకు సబ్బుబిళ్ల మీద ఐదు రూపాయలు తగ్గించి సంతోషపడేతందుకా? 2024 ఆగస్టుల కేంద్ర వాణిజ్య మంత్రి పీయూష్ గోయల్ గారే అమెజాన్ గురించి నిలదీసిండు. వాళ్లు తెస్తమంటున్న బిలియన్ డాలర్ల పెట్టుబడి వాళ్ల నష్టాలు పూడ్సుకునేతందుకే గదా, అంతంత నష్టం వస్తున్నదంటే ధర చంపి అమ్ముతున్నట్టు కాదా అని. మంత్రే అడుగుతున్నడంటే ఇగ మనం అడిగితే తప్పేంది?

మన దేశంల చట్టం ఏమంటదంటే, విదేశీ పైసలు ఉన్న ఆన్‌లైన్ కంపెనీ అంగడి నడుపొచ్చు గానీ అండ్ల తన సొంత సరుకు పెట్టి అమ్మొద్దు. అంగట్ల అందరూ కూసోవాలె, జాగ చూపించుడే కంపెనీ పని. జరిగిందేమో తనకు కావాల్సిన ఇద్దరు ముగ్గురు అమ్మకందార్లను ముందట కూసోబెట్టి మిగిలినోళ్లను ఎన్కకు నూకుడు అని వ్యాపారులు ఫిర్యాదు చేసిన్రు. 2020 జనవరిల సీసీఐ విచారణకు ఆదేశమిచ్చింది. (పత్తి కొనే సీసీఐ కాదు అన్నా, ఇది కాంపిటీషన్ కమిషన్. పేరు చూసి ధోకా తినకుండ్రి.) 2024ల విచారణ రిపోర్టులు ఆ ఫిర్యాదు నిజమేనన్నయ్, అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ రెండూ పోటీ చట్టాన్ని తప్పినయ్ అన్నయ్. కంపెనీలు ఒప్పుకోలేదు. కానీ ఆదేశానికీ రిపోర్టుకూ నడుమ నాలుగేండ్లు పోయినయ్. నాలుగేండ్లు షటర్ దించకుండ ఆగేటంత బలం ఏ కిరాణాకు ఉంది?

నష్టానికి అమ్మి పక్కోన్ని ముంచి తర్వాత ఏం చేస్తరో అమెరికాల ఒక కథ జరిగింది. చిన్నపిల్లల డైపర్లు అమ్మే ఒక ఆన్‌లైన్ కంపెనీ అక్కడ మంచిగ నడుస్తుండె. అమెజాన్ తన డైపర్ల రేటు పడేసింది. ఆ కంపెనీ ఎంత తగ్గిస్తే ఈయన అంతకన్న తగ్గించిండు. ఊపిరాడక 2010ల వాళ్లు అమెజాన్‌కే అమ్ముకున్నరు. 2017ల అమెజాన్ దాన్ని మూసేసింది. అంత దూరం పోవుడెందుకు, జియో ముచ్చట చూడుండ్రి. 2016 సెప్టెంబర్ల ఫ్రీ అంటే లైన్లు కట్టినం. ఇంటర్నెట్ అగ్గువైంది, కాదనను, ఈ పోస్టు మీరు చదువుతున్నది దాని పుణ్యమే. కానీ అప్పుడు డజను దాక ఉన్న కంపెనీలల్ల ఇప్పుడు మిగిలినవి వేళ్ల మీద లెక్కపెట్టుండ్రి. 2024 జులైల రీచార్జి రేట్లు పెంచినప్పుడు పెద్ద కంపెనీలు వారం తిరక్కముందే ఒకటెన్క ఒకటి పెంచినయ్. ఎవలన్న ఏం చేయగలిగినమా? మూసుకోని రీచార్జి చేసినం.

కొనేటోళ్లు తగ్గితే ఏమైతదో మనకంటె ఎక్కువ ఎవలకు తెలుసు? సీసీఐ కేంద్రం తెరవని వారం (ఇది పత్తి సీసీఐ) ప్రైవేటోడు ఏ రేటు పెడితే అదే రేటు. కూరగాయలు ఇంకా అన్యాయం. పత్తిని ఇంట్ల పెట్టుకోని నెల ఆగొచ్చు, టమాటను ఎక్కడ పెడ్తవ్?

రైతు దగ్గర నేరుగా కొంటం, దలారీలు ఉండరు అనే మాట కొత్తదేం కాదు. 2006ల రిలయన్స్ ఫ్రెష్ మొట్టమొదలు తెరిచింది మన హైదరాబాద్‌లనే. అప్పుడు కూడ ఇదే పాట. రైతు బాగుపడ్తడు, కొనేటోడు బాగుపడ్తడు అన్నరు. ఇరవై ఏండ్లైంది, మన మండలంల దానితోని బాగుపడ్డ రైతును నాకు ఒక్కన్ని చూపించుండ్రి.

నా సొంత ముచ్చట చెప్త. ఒక కంపెనీ, పేరు రాయను, మా దిక్కు కలెక్షన్ సెంటర్ పెట్టింది. మొదటి నాలుగు నెలలు మార్కెట్ కన్న కిలోకు రూపాయి ఎక్కువ ఇచ్చిన్రు. ఊరంత అటే ఉరికింది. ఆ తర్వాత గ్రేడింగ్ మొదలైంది. కాయ గుండ్రంగ ఉండాలె, గింత సైజు ఉండాలె, తొడిమె దగ్గర పగులు ఉండొద్దు. ముప్పై ట్రేలు తీస్కపోతే పదిహేడు తీస్కోని పదమూడు వాపస్ ఇచ్చిన్రు. అప్పటికి పొద్దు పది దాటింది, మార్కెట్ అయిపోయింది. ఆ పదమూడు ట్రేలు రోడ్డు మీద పెట్టుకోని కిలో ఐదు రూపాయలకు అమ్మిన. రేటు ముందు చెప్పరు, సాయంత్రం ఫోన్ల మెసేజ్ వస్తది. అడుగుదామంటే అక్కడ ఉండే పోరగానికి ఏం తెల్వదు, అంత యాప్‌ల వస్తది సార్ అంటడు. ఒకరోజు పోయి చూస్తే సెంటర్‌కు తాళం. వేరే మండలానికి ఎత్తేసిన్రట. మాకు చెప్పిన దిక్కు లేదు.

దుకాణపాయనతోని నాకు లొల్లి కాదని కాదు. అవుతది. నిన్నటి కొత్తిమీర వాడిందని ఇరవై రూపాయలు కోసుకుంటడు. నేను గుంజుకుంట. ఆయన తిడ్తడు, నేను తిడ్త, చాయ్ తాగుతం. కానీ ఎదురుంగ మనిషి ఉన్నడు. పంట పోయిన ఏడాది అడ్వాన్స్ అడిగితే గల్ల పెట్టెల చెయ్యి పెట్టి రెండు వేలు తీసిచ్చిండు. యాప్‌ను అడ్వాన్స్ అడుగుతవా?

ఇంకో మాట అంటరు మనోళ్లు, ఆన్‌లైన్‌తోని మన పిల్లలకు పని దొరికింది కదా అని. దొరికింది. ఆ గోదాముల ముందట రంగు టీషర్టులు ఏసుకోని బండ్ల మీద కూసున్న పోరగాండ్లను పలకరిస్తే ఒకడు ఆలేరు, ఒకడు మోత్కూరు, ఒకడు జనగామ. మన పిల్లలే. పది నిమిషాలు పది నిమిషాలు అని వాళ్లను ఉప్పల్ చౌరస్తల ఎట్ల ఉరికించిన్రో నేను ట్రాలీ ఆటోలకెల్లి రోజూ చూసిన. 2026 జనవరిల కేంద్ర కార్మిక శాఖ గట్టిగ చెప్పినంక గానీ బ్లింకిట్ ఆ పది నిమిషాల మాట తీసేయలేదు. అది కూడ పిల్లలు సమ్మె చేసినంకనే. దుకాణంల పనిచేసిన పిలగాడు ఐదేండ్లకు బేరం నేర్చుకోని సొంత షటర్ తెరుస్తడు. బండి మీద ఐదేండ్లు తిరిగినోనికి నడుము నొప్పి తప్ప ఏం మిగుల్తది?

డిస్ట్రిబ్యూటర్ల సంఘం 2024ల చెప్పిన లెక్క ప్రకారం ఒక్క ఏడాదిల దేశంల రెండు లక్షల కిరాణాలు మూతపడ్డయ్. అది సంఘం లెక్క, సర్కారు లెక్క కాదు. సగం కొట్టేసినా లక్ష.

ఇగ సేట్ల దిక్కు వస్త. వాళ్లను సుద్దపూసలు అంటలేను. యాప్‌లను బంద్ పెట్టాలె అని ధర్నాల కూసునేటోళ్ల దుకాణంల పోయి చూస్తే కొందరి అరల బిస్కెట్ల మీద దుమ్ము, తారీఖు దాటిన మసాలా. చిల్లర లేదని చాక్లెట్ చేతిల పెడ్తరు. ఫోన్ చూసుకుంట గిరాకి దిక్కు తల కూడ ఎత్తరు. యాప్ గోదాములు మాత్రం తక్కువ తినలేదు, 2024 జూన్ల దేవరయాంజాల్ దగ్గర బ్లింకిట్ గోదామును మన రాష్ట్ర ఫుడ్ సేఫ్టీ వాళ్లు తనిఖీ చేసి, శుభ్రత లేదని, పురుగు పట్టినట్టుందని పిండి, పప్పు సీజ్ చేసిన్రు. కానీ వాడు మురికి అని చెప్పుకుంటే నీ దుకాణం శుభ్రం కాదు కదా సేటూ. రేటుల పోటీ పడుతనంటే నువ్వు ఓడుతవ్, రాసిపెట్టుకో. వాని జేబు నిండదు, నీ జేబు ఆగదు.

నా ఏడు దుకాణాలు ఎందుకు నిలబడ్డయో చెప్త, కండ్లార చూసినయే.

హబ్సిగూడల ఎన్‌జీఆర్‌ఐ ఎనుక గల్లీలల్ల రిటైరైన సార్లు, మేడమ్‌లు మస్తుమంది ఉన్నరు. వాళ్లకు పొద్దు మీద నడుసుడు అలవాటు. అక్కడ ఒకాయన ఐదున్నరకే షటర్ లేపుతడు. పాల ప్యాకెట్ మీద మిగిలేది ఏం లేదు, పావలానో అర్ధో. కానీ పాలకు వచ్చిన మనిషి నా పాలకూర కట్ట చూస్తడు. దాని మీద మంచు ఆరి ఉండదు. చేతితోని పట్టుకోని చూసి తీస్కపోతడు. లాలాపేట విజయ డెయిరీ పక్కనే ఉండంగ పాలు దొరుకుడు కష్టం కాదు, పొద్దుగాల్ల లేసుడు కష్టం. గిరాకి దొరుకుతలేదు అనే సేట్లు ఎనిమిదికి షటర్ లేపుతున్నరు. అప్పటికి యాప్ సంచి గేటు కాడ ఉంటది.

నాచారం ఇండస్ట్రియల్ ఏరియా దిక్కు గిరాకి వేరు. కంపెనీల పనిచేసే కూలీలు, బీహార్, ఒడిశా పిల్లలు. ఇరవై రూపాయల నూనె, పది రూపాయల కందిపప్పు, రెండు గుడ్లు. అంత చిన్న ఆర్డర్ యాప్‌ల పెడితే సరుకు కన్న డెలివరీ చార్జి, హ్యాండ్లింగ్ చార్జి ఎక్కువైతయ్. పైగ వీళ్లకు నెల మొదటి వారం దాక ఉద్దెర కావాలె. అక్కడ ఒక అక్క ఖాతా బుక్కు పెట్టి నూట యాభై కుటుంబాలకు ఉద్దెర నడుపుతది. ఎగ్గొట్టేటోళ్లు లేరా అంటే ఉన్నరు. కానీ ఎవలు ఇస్తరో ఎవలు ఇయ్యరో ఆమెకు మొఖం చూస్తే తెలుస్తది. ఆ లెక్క ఏ కంప్యూటర్ల లేదు.

తార్నాక దిక్కు హాస్టళ్ల పిల్లలు రాత్రి పన్నెండుకు బ్రెడ్డు, మ్యాగీ అడుగుతరు. ఆ గిరాకి పోయింది. రాదు. దాని ఎంబడి ఉరుకుడు దండుగ. ఉండే గిరాకిని పట్టుకోవాలె. స్ట్రీట్ నంబర్ ఎనిమిది దగ్గర ఒక తమ్ముడు చుట్టు ఆరు అపార్ట్‌మెంట్ల ఇండ్లతోని వాట్సప్ గ్రూపు పెట్టిండు. నేను పొద్దున ఆరింటికి బండి దింపంగనే ఫోటో తీసి పెడ్తడు. ఎనిమిది లోపట ఆర్డర్లు వస్తయ్, ఒక పిలగాడు సైకిల్ మీద ఇచ్చి వస్తడు. డెలివరీ చార్జి లేదు, యాప్‌కు కమీషన్ లేదు, పైసలు ఫోన్‌పేల పడ్తయ్. సర్కారు ఓఎన్‌డీసీ అని ఒకటి పెట్టింది, చిన్న దుకాణాలను ఆన్‌లైన్ల నిలబెడ్తమని. పెద్ద మాటలు మంచిగనే ఉన్నయ్, నా ఏడు దుకాణాలల్ల ఒక్కరు కూడ అటు దిక్కు పోలేదు. ఆరు అపార్ట్‌మెంట్ల గ్రూపే వాళ్లకు చాలు.

ఇంకొకటి, మన చేతుల ఉన్నది. ఎండకాలం తొక్కు మామిడికాయ. దుకాణం ముందట కత్తిపీట ఏసి, కాయ అక్కడ్నే ముక్కలు కొట్టిస్తే లైను కడ్తరు. ముక్కకు టెంక అంటుకోని ఉండాలె, కాయ పుల్లగ ఉందో లేదో కొరికి చూడాలె. సంచిల పెట్టి పంపితే ఏ ఇంటామె నమ్ముతది? ఉగాదికి యాప పువ్వు, బతుకమ్మకు తంగేడు, గునుగు, దసరకు జమ్మి, వానల పడంగ మక్క కంకులు. యాప్‌లు కూడ పండుగ సామాను అమ్ముతున్నయ్, ప్యాకెట్ల. ఆ వాడిన తంగేడుతోని బతుకమ్మ పేర్చేటోళ్లు పేర్సుకోనీ. పొద్దున తెంపిన తంగేడు మన గట్ల మీద ఉంది. దాన్ని ఏ గోదాముల నిలువ పెడ్తరు?

అయితే మనం కూడ దుకాణపాయనకు సక్కగ ఇయ్యాలె. మనోళ్లు కొందరు గంప మీద మంచి కాయ, కింద పుచ్చు కాయ పెడ్తరు. మార్కెట్ల ఒక్క రూపాయి పెరిగితే ఆ రోజు దుకాణానికి బండి పోదు, ఫోన్ ఎత్తరు. దుకాణపాయన పొద్దున ఆరింటికి ఖాళీ అరలు పెట్టుకోని మన కోసం చూస్తుంటడు. అట్ల రెండుసార్లైతే ఆయన గిరాకి యాప్ పట్టుకుంటది, మళ్ల రాదు. నేను వారానికి ఒక రేటు మాట్లాడుకుంట. మార్కెట్ పెరిగినా అదే, పడ్డా అదే. టమాట ఎనభైకి పోయిన వారం నలభై ఐదుకే ఏసిన, కడుపు మండింది. పదికి పడిపోయిన నెల ఆయన నాకు పద్దెనిమిది ఇచ్చిండు. ఏడాది లెక్క చూస్తే నేనే మీదున్న.

సిటీ ముచ్చట మనకెందుకు అనేటోళ్లకు ఇంకొకటి చెప్పి ఆపుత. 2022 నవంబర్ల కేంద్రం రూల్స్ మార్చి పురుగుమందులు ఆన్‌లైన్ల అమ్మొచ్చు అన్నది. మన మండల కేంద్రంల మందుల దుకాణపాయన ఉద్దెర మీద వడ్డీ గుంజుతడు, నాకూ తెలుసు, నేనూ కట్టిన. కానీ మిర్చికి ముడత వచ్చిన రోజు ఆకు తీస్కపోయి బల్ల మీద పెడితే చూసి చెప్తడు. మందు పని చేయకపోతే పోయి గల్ల పట్టుకునేతందుకు ఒక మనిషి, ఒక షటర్ ఉంది. అది పోయిన రోజు ఏ టోల్‌ఫ్రీకి ఫోన్ చేస్తవ్?

మా ఊర్ల నలుగురం కలిసి ఒక్కటే బండి మాట్లాడుకున్నం. నాది ఆకుకూర, ఒకలది బీర, సొర, ఒకలది వంకాయ, ఒకలది మిర్చి. డీజిల్ నాలుగు పాళ్లైతది. బీబీనగర్, ఘట్‌కేసర్ మండలాల్లకెల్లి ఉప్పల్ దిక్కు పోయేటోళ్లు ఇట్లనే జమైతే రోజు ఇడిచి రోజు కాదు, రోజూ బండి పోవచ్చు. నేను ఏసే దుకాణాలు మీకు కూడ చూపిస్త, నాకు పోటీ వస్తరనే భయం లేదు, అక్కడ జాగ ఉంది. ముందుగాల ఒక పని: ఏప్రిల్ ఆఖరుకు కోతకొచ్చే తొక్కు మామిడికాయ ఎవల తోటల ఉందో, ఎన్ని క్వింటాళ్లో కింద రాయుండ్రి. నాచారంల రెండు దుకాణాలు ఇప్పటికే అడిగి పెట్టినయ్. కత్తిపీటలు వాళ్లవే, కాయ మాత్రం మచ్చ లేకుండ ఉండాలె అన్నరు.